దొర గది తలుపు

ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే, బకింగాం కాలవ గట్టున పడవలపాళెం అని ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఒక ఉప్పు ఆఫీసు. పగలు చూస్తే దానంత అమాయకమైన కట్టడం ఇంకోటి ఉండదు — పాత పెంకుల కప్పు, ముందు వసారా, వసారాలో ఉప్పు తూచే పెద్ద కాటా, కాటాకి ఆనుకుని కునుకు తీసే జవాను. కానీ దీపాలు పెట్టే వేళ దాటిందా... ఆ గట్టు మీద కుక్క కూడా దారి మార్చుకుంటుంది.

అందుకు కారణం లోపలి గది. దొర గది అంటారు దాన్ని. కుంఫిణీ వాళ్ళ కాలంలో ఉప్పు పన్ను డబ్బు దాచడానికి కట్టారట. కిటికీ లేదు. వెనక గోడకి, ఎత్తున, కమ్మీలు బిగించిన ఒక చిన్న గవాక్షం, అంతే. తలుపు టేకుది, దానికి రెండువైపులా ఇనపరేకు. గడియ మాత్రం బయటివైపే — ఒక పొడుగాటి ఇనపపట్టీ. ఎత్తి కొక్కెంలో పడేస్తే ఏనుగు తోసినా కదలదు. లోపల్నుంచి తీసే ఉపాయం పెట్టలేదు. డబ్బుకి బయటికొచ్చే పనేముంటుంది?

ఆ గదిలో ఒక తెల్లదొర విషజ్వరంతో చచ్చిపోయాడట. అప్పట్నుంచీ పొద్దుగుంకితే తలుపు కొడతాడట. కొట్టి ఊరుకుంటే పోనీ — పేరు పెట్టి పిలుస్తాడట! అదీ మన యాసలో, తెలిసినవాళ్ళ గొంతుతో. మనసు పుడితే చర్చి పాట కూడా ఎత్తుకుంటాడట. పలికారా... మీ నూకలు చెల్లినట్టే.

అందుకని ఊరి పెద్దలు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టారు. దీపాల వేళ తర్వాత ఆఫీసులోంచి ఏ చప్పుడు వచ్చినా పలకకూడదు. ఆగకూడదు. తిరిగి చూడకూడదు. జవాను అయితే, కళ్ళు మూసుకునైనా సరే, ఆ గడియ పడేసి మరీ రావాలి.

కట్టుకథ అని కొట్టిపారేద్దామా అంటే, ఆ గది ఒక మనిషిని మింగిన మాట నిజం. ఆఫీసు కావలివాడు గంగాధరం, గాలివాన రోజుల్లో అందులో చచ్చిపడి ఉండగా ఊరంతా చూసింది. దొర చంపాడన్నారు. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

ఇలాంటి చోటికి తనిఖీకి వచ్చాడు కృపాదానం.

ఇది పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజుల మాట. అంతకుముందు వేసవిలో ఎక్కడో ఒక ఆఫీసు దూలం విరిగి గుమాస్తాల నెత్తిన పడింది. దాంతో పైవాళ్ళకి ఉన్నట్టుండి గుమాస్తాల ప్రాణాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పాత కట్టడాల్లో ఉన్న ఆఫీసులన్నీ చూసి, లోపల పనిచేసేవాళ్ళకి ప్రమాదం ఉందో లేదో తేల్చి రాయమని ఓవర్సీర్లని ఊళ్ళ మీదికి తోలారు.

కృపాదానం నెల్లూరు ఓవర్సీరు. సన్నటి మనిషి, చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. ఉడుంపట్టు మాత్రం చెప్పక్కర్లేదు. చేతిలో ఎప్పుడూ ఒక చిన్న సుత్తి ఉంటుంది. గోడని టక్ టక్ మని తట్టి, లోపల గట్టిగా ఉందో డొల్లగా ఉందో చప్పుడుని బట్టి చెప్పేస్తాడు. "మా ఆయన కొబ్బరికాయని కూడా తనిఖీ చేసి గానీ కొట్టడు" అని వాళ్ళావిడ నవోమి నవ్వుతుండేది.

ఆఫీసు హెడ్ గుమాస్తా పద్మనాభయ్య గారు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించారు. "ఏముందయ్యా చూడను? నూరేళ్ళ కట్టడం. ఇంకో నూరేళ్ళు నిలబడతాది. ప్రమాదం లేదని రాసి సంతకం పెట్టేస్తే, ఎండ ముదరకముందే బయల్దేరొచ్చు."

కృపాదానం కుర్చీలోంచి లేచాడు. బల్ల ఎక్కి, సరిగ్గా పద్మనాభయ్య గారి నెత్తి మీదుండే దూలాన్ని సుత్తితో తట్టాడు. జల్లుమని చెదపుట్ట మన్ను రాలి కాఫీలో పడింది.

"ఇదేనా అండీ నిలబడేది?" అన్నాడు కృపాదానం, దిగుతూ.

ఇక ఒకటొకటే బయటపడ్డాయి. నిప్పంటుకుంటే చల్లడానికి పెట్టిన ఇసక బకెట్లలో తమలపాకు ఉమ్ము. పాత కాగితాల కట్టల కిందే కిరసనాయిలు డబ్బా. వసారా మెట్ల మీద ఉప్పునీళ్ళ పాకుడు — వానాకాలంలో అక్కడ నడ్డి విరగ్గొట్టుకోనివాడు ఆఫీసులో లేడని జవాను రమణయ్యే గొప్పగా చెప్పాడు. ప్రతిదానికీ పద్మనాభయ్య గారు "రాయాల్నా అయ్యా?" అని నొచ్చుకున్నారు. ప్రతిదీ కృపాదానం రాసుకున్నాడు.

ఆఖరికి ఆ ఇనపరేకు తలుపు ముందుకొచ్చి ఆగాడు. "ఈ గది?"

రమణయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"అది మేం వాడంలేదయ్యా," అన్నారు పద్మనాభయ్య గారు, గొంతు తగ్గించి. "మనిషి అడుగుపెట్టని చోట మనిషికి ప్రమాదం ఏముంటాది? బాగుందని రాసేయండి."

రమణయ్య అప్పుడు దొర సంగతంతా చెప్పుకొచ్చాడు. పిలుపు, పాట, కట్టుబాటు, అన్నీ. కావలివాడు గంగాధరాన్ని ఆ గదిలోనే దొర చంపాడన్న సంగతి మాత్రం తడబడుతూ ఒక్క ముక్కలో అనేసి, గొంతు సవరించుకుని దాటేశాడు.

కృపాదానం నవ్వాపుకోలేకపోయాడు. "పాటలు కూడా పాడతాడా! ఏ సంఘమో కనుక్కున్నారా? మా సంఘమైతే ఆదివారం పిలుచుకుపోతా."

రమణయ్య నవ్వలేదు. "నవ్వబాకండి సార్. పేరు పెట్టి పిలిస్తే తెలుస్తాది మీకు."

అది శనివారం. మర్నాడు ఆదివారం, ఆ పైన పండగ సెలవు. సాయంత్రం ఉప్పు పడవలో అవతలి రేవుకి పోయి, అక్కడ ఇందుకూరుపేట బస్సు ఎక్కాలని కృపాదానం ఏర్పాటు. ఆదివారం ఆరాధన ఇందుకూరుపేటలో మేనమామగారింట చూసుకుని వస్తానని నవోమికి ముందే చెప్పి ఉన్నాడు. రమణయ్య అతని సంచీ తీసుకెళ్ళి పడవలో పెట్టొచ్చాడు కూడా.

రేవులో కూచున్నాడే గానీ కృపాదానం మనసు కుదుట పడలేదు. పడవకి ఇంకా బస్తాలు ఎత్తుతున్నారు. చేతిలో కాగితం ఉంది. అన్ని గదులూ స్వయంగా చూశానని దాని మీద సంతకం పెట్టాలి. ఒక గది చూడలేదు. చూడని గదికి సంతకం ఎలా పెట్టడం? చెప్పులో రాయిలా ఉంది ఆ సంగతి.

లేచాడు. "నేను ఆలస్యమైతే ఆగబాకండి. గట్టుమ్మట నడిచి లాకు దగ్గర ఎక్కుతా" అని పడవవాళ్ళకి చెప్పి, సుత్తి పట్టుకుని వెనక్కి నడిచాడు.

ఆఫీసులో ఎవరూ లేరు. పద్మనాభయ్య గారు ఇంటికెళ్ళిపోయారు. రమణయ్య కాలవలో స్నానానికి పోయినట్టున్నాడు. ముందు తలుపు బార్లా తెరిచే ఉంది. కృపాదానం తిన్నగా లోపలికెళ్ళి, దొర గది గడియ ఎత్తి, రెండు చేతులా తలుపు తోశాడు.

లోపల ఏమీ లేదు. పాతబడిన గోనెలు, గబ్బిలాల రెట్ట, ఉప్పు పొంగి పొరలు పొరలుగా ఊడుతున్న గోడలు. నోట్లో ఉప్పదనం, ముక్కులో ముక్కవాసన. తలుపులోంచి వచ్చే వెలుతురులో గోడ వెంబడి తట్టుకుంటూ పోయాడు. టక్... టక్... ఇక్కడ గట్టిదే. టక్... ఇక్కడ డొల్ల. పనిలో పడితే ఆ మనిషికి ఒళ్ళు తెలీదు. వెలుతురు ఎర్రబడటం, మసకబారటం కూడా గమనించలేదు.

టక్... టక్... టక్...

ఎవరో నడుస్తున్న చప్పుడు. గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఎగపోసుకుంటున్న ఊపిరి... "గోవిందా, గోవిందా" అని వణికే గొంతు...

కృపాదానం తల తిప్పేలోపలే తలుపు దభీమని మూసుకుంది. ఆ వెంటనే, బయట, ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు — ఠంగ్!

చీకటి.

"రమణయ్యా! ఓయ్ రమణయ్యా! నేనయ్యా!"

బయట "అమ్మో!" అని ఒక కేక. పరుగు. ముందు తలుపు మూసిన చప్పుడు. పాకుడు మెట్ల మీద ఎవరో జారి, మళ్ళీ లేచి పరుగెత్తిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

మొదట కృపాదానానికి నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. వెధవ, పేరు పెట్టి పిలుస్తుంటే... అని తిట్టబోయి, ఆ మాట నోట్లోనే ఆగిపోయింది.

తనే పేరు పెట్టి పిలిచాడు! మన యాసలో, తెలిసినవాళ్ళ గొంతుతో.

తలుపు తోశాడు. భుజంతో గుద్దాడు. పెళుసుబారిన సుత్తి పిడితో సందులో గెలికాడు. తలుపుకి చీమ కుట్టినట్టయినా లేదు. అప్పుడు గోడ వెంబడి తడుముకుంటూ గవాక్షం కిందికి వచ్చాడు. దాని అవతలే కాలవ గట్టు. ఉప్పు మళ్ళ నుంచి కూలీలు ఇళ్ళకి పోయే వేళ. మాటలు వినిపిస్తున్నాయి కూడా.

"అయ్యా! ఎవరన్నా ఉన్నారా? తలుపు తీయండి!"

మాటలు ఠక్కున ఆగిపోయాయి.

"నేను ఓవర్సీరుని! నెల్లూరు ఓవర్సీరుని! రమణయ్య తెలీక గడియ వేశాడు!"

గట్టు మీద గుసగుస. "ఓవర్సీరు పడవెక్కి పోయె గదా..." "పొద్దున మడిలోకి వినపడింది గదా ఆయన గొంతు. దొర అదే గొంతు పట్టినాడు." ఇంకో గొంతు, ఏడుపుతో కలిసి — "నడువు పెంచలమ్మా. నడువు. తిరిగి చూడబాకు."

అడుగులు దూరమయ్యాయి.

మళ్ళీ ఎవరో వచ్చారు. మళ్ళీ అరిచాడు. మళ్ళీ పరుగు. దెయ్యాలు దేవుడి పేరు ఎత్తవు కదా అన్న ఆలోచన వచ్చి, ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆదివారాలు పాడే పాట ఒకటి, ఉన్న గొంతంతా పెట్టి అందుకున్నాడు. ఒక చరణం పూర్తయిందో లేదో...

"పాట మొదలెట్టినాడు రా నాయనా!"

కృపాదానం నోరు మూసుకున్నాడు. చీకట్లో నిలబడి, మొదటిసారి నిజంగా భయపడ్డాడు. పిలిస్తే దెయ్యం. కొడితే దెయ్యం. పాడితే దెయ్యం. బతికున్న మనిషి చేయగలిగిందంతా ఆ ఊళ్ళో ఎప్పుడో దెయ్యం ఖాతాలో వేసేశారు. తను బతికే ఉన్నానని వీళ్ళకి ఏం చేసి చూపించాలి?

వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. రేపు ఆఫీసు లేదు. ఎల్లుండీ లేదు. పడవవాళ్ళు లాకు దగ్గర చూసి, బస్సుకి పోయాడనుకుంటారు. మేనమామ ఇంట్లో తను వస్తున్నట్టు తెలీదు. నవోమి రెండు రోజులు ఎదురుచూడనే చూడదు. మంచినీళ్ళు లేవు. ఉబ్బసం మాత్రలు సంచీలో ఉన్నాయి. సంచీ పడవలో పోతోంది.

తలుపు దగ్గరికి వెళ్ళి, సుత్తితో రేకు మీద బాదాడు. చేతులు పడిపోయేదాకా బాదాడు. తర్వాత అలాగే తలుపుకి వీపు ఆనించి కూలబడ్డాడు. చెయ్యి పక్కకి పడి, రేకుకి తగిలింది.

సొట్ట.

వేళ్ళతో తడిమాడు. ఇంకో సొట్ట. దాని పక్కన ఇంకోటి. పైన రేకంతా నునుపుగానే ఉంది. ఇక్కడ, కింద, కూచున్న మనిషి చెయ్యి ఆడేంత మేర... రేకు లోపలికి అణిగిపోయి ఉంది. తను సుత్తితో కొట్టింది పైన. ఇవి పాతవి. తుప్పు పట్టి గరగరలాడుతున్నాయి.

ఎవరో తనలాగే ఇక్కడ కూచుని కొట్టారు. చాలాసేపు కొట్టారు. నిలబడే ఓపిక పోయాక కూడా కొట్టారు.

గంగాధరాన్ని ఏ దొరా చంపలేదు.

ఆ సంగతి తెలిసేసరికి గదిలో గాలి ఇంకా తగ్గిపోయినట్టయింది. ఛాతీ బిగుసుకుంది. ఉప్పు దుమ్ము, రెట్ట వాసన — ఉబ్బసానికి ఇంకేం కావాలి? పిల్లికూతలు మొదలయ్యాయి. కాస్త గాలైనా దొరుకుతుందని పాకుకుంటూ వెనక గోడ దగ్గరికి, గవాక్షం కిందికి చేరాడు. సుత్తి ఎక్కడ జారిందో తెలీదు. గోడకి చేరబడి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ఒక్కొక్క ఊపిరి లాక్కోవడమే పనైంది. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. నవోమి మొహం గుర్తొచ్చి కళ్ళ నీళ్ళు తిరిగాయి. పొద్దున బయల్దేరేటప్పుడు ఏదో చెప్పబోతుంటే, వచ్చాక వింటాలే అని వచ్చేశాడు.

ఎంతసేపు అలా పడి ఉన్నాడో. బయట సందడి అంతా సద్దుమణిగింది. దూరంగా సముద్రపు హోరు...

అప్పుడు —

తలుపు మీద చప్పుడు.

మెల్లిగా. అరచేత్తో తట్టినట్టు. దబ్... దబ్... దబ్...

కృపాదానం కళ్ళు తెరిచాడు. ఎవరో వచ్చారు! ఇంతమందిలో ఒక్కరు వచ్చారు! పిలవబోయాడు. ఈల తప్ప గొంతులోంచి ఏమీ రాలేదు.

దబ్... దబ్...

'గడియ ఎత్తండయ్యా! కొడుతూ కూచుంటారేంటి పిచ్చివాళ్ళలాగా!' అని లోలోపలే ఏడ్చాడు. ఆ చెయ్యి ఆగలేదు. తొందరా పడలేదు. ఓపిగ్గా, ఒక్క తీరుగా, తలుపు కింది భాగాన... కొడుతూనే ఉంది.

ఆ చప్పుడు ఆగింది. కాస్సేపటికి ముందు తలుపు కిర్రుమంది. ఇనపపట్టీ గీరుకుంటూ పైకి లేచింది. తలుపు తెరుచుకుంది.

లాంతరు. లాంతరు వెనక ఒక ఆడమనిషి, నలభై దాటినట్టుంది, చేతిలో చీపురు పట్టి పట్టి గూనిదేరిన భుజాలు. ఆఫీసు ఊడ్చే ఆదిశేషమ్మ. పగలంతా చూశాడు గానీ ఆమె నోరు విప్పగా వినలేదు.

"వచ్చినా... వచ్చినా," అంది ఆమె, గుసగుసగా. అతనితో కాదు. లాంతరు వంచి, ఆ గది తలుపు వెనక, కింద నేల మీద చూసింది. అక్కడ ఎవరూ లేరు. అలవాటైనట్టు ఒక నిట్టూర్పు విడిచి, మళ్ళీ తలుపు మూయబోయింది.

వెనక గోడ దగ్గర్నుంచి పిల్లికూత వినపడింది.

ఆమె లాంతరు ఆ వైపు ఎత్తింది. "ఓయమ్మో... మనిషి! ఈ పొద్దు మనిషుండాడు!"

చంకల్లో చేతులేసి, ఈడ్చుకుంటూ వసారాలోకి తెచ్చింది. కుండలో నీళ్ళు ముంచి తాగించింది. వీపు నిమిరింది. కాలవ మీది గాలి తగిలేసరికి మెల్లమెల్లగా ఊపిరి దారిలో పడింది. బతికాను అనుకున్నాడు కృపాదానం, అంతకంటే ఇంకేమీ అనుకోలేకపోయాడు.

ఆఫీసులో వెలుతురు చూసి జనం పోగయ్యారు. దగ్గరికి రావడానికి భయం, ఇంట్లో ఉండటానికీ భయం. పద్మనాభయ్య గారు కండువా కప్పుకుని వచ్చారు. రమణయ్య వచ్చి కృపాదానం కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నేనే సార్... లోపల టక్ టక్ మంటా ఉంటే కళ్ళు మూసుకుని గడియ పడేసినా. పేరు పెట్టి పిలిస్తిరి గదా. దొరేననుకున్నా."

"దొరేననుకున్నావు," అంది ఆదిశేషమ్మ. గొంతు పెంచలేదు. "ఆ పొద్దూ దొరేననుకున్నాం. నువ్వూ, నేనూ, ఈ ఊరంతా. కాదా రమణయ్యా?"

ఎవరూ తలెత్తలేదు.

ఆమె కృపాదానం వైపు తిరిగింది. "గంగాధరం మా ఆయన సామీ. గాలివానకి ముందు ఉప్పు పడవలతో మదరాసు పొమ్మన్నారు. పోయినాడనుకున్నా. పోలా. గదిలో నీళ్ళు కారతా ఉండాయని గోనెలు సర్దను పోయినాడు. గాలికి తలుపు పడింది, ఆ ఊపుకి గడియ పడింది. వాన, గాలి, ఆఫీసోళ్ళు ఎవురూ రాలా. రేయంతా కొడతానే ఉండాడు. అందరం వింటానే ఉన్నాం."

"నీకు తెలీదు కదమ్మా..." అన్నాడు కృపాదానం.

"శేషా అని పిలిచినాడు సామీ. ఆయన తప్ప ఎవురూ నన్నట్టా పిలవరు. ఆ పేరు దొరకి యాడ తెలుస్తాది అత్తా అని అడిగినా. దెయ్యానికి తెలియని పేరుంటదా అని మా అత్త నా నోరు మూసింది. మూస్తే నేను ఊరుకున్నా." కొంగుతో మొహం తుడుచుకుంది. "తలుపు తీసినాక, దొర చంపినాడు అన్నారు. అందరికీ తెలుసు సామీ. ఎవురూ అనలా. నేనూ అనలా."

గట్టు మీద ఎవరో వెక్కిళ్ళు పెడుతున్నారు. పద్మనాభయ్య గారు కాటా వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఆ యేటి నుంచీ చప్పుడైతే నేను వస్తా. తాళంచెవి ఆ వసారా దూలం మీదే ఉంటాది. వస్తా, గడియ తీస్తా. ఎవురూ ఉండరు. మళ్ళా వేసి పోతా. పిచ్చిదంటారు. అననీ."

కృపాదానం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇంతమంది విని పారిపోయినా నువ్వు వచ్చావు తల్లీ. నీ రుణం తీర్చుకోలేను." కాస్త నవ్వబోయాడు కూడా. "కాకపోతే, అంతసేపు తలుపు తడుతూ నిలబడకుండా గడియ ఎత్తి ఉంటే నా ప్రాణం ఇంకాస్త ముందే కుదుటపడేది."

ఆదిశేషమ్మ అతని వైపు చూసింది. "తలుపు తట్టిందెవురు సామీ?"

"నువ్వే కదమ్మా. అరచేత్తో... మెల్లిగా..."

"నేను తట్టలేదు. లోపల్నుంచి తడతా ఉంటే గదా వచ్చినా."

"కాదు కాదు, నేను సుత్తితో..."

"సుత్తి చప్పుడు నేనెరగను. పొద్దుగూకినాక ఊళ్ళో బావి కాడికి పోయి, ఇప్పుడే తిరిగొచ్చినా. నేను విన్నది అరచెయ్యి. మీరన్నట్టే. తలుపు కింద, కూచున్న మనిషి కొట్టినట్టు. మీరే గదా కొట్టింది?"

కృపాదానం గది వెనక గోడ వైపు చూశాడు. ఆ చప్పుడు వినపడినప్పుడు తను వెనక గోడ దగ్గర, చెయ్యి కూడా ఎత్తలేక పడి ఉన్నాడు.

లాంతర్లన్నీ ఒక్కసారిగా ఆ తెరిచి ఉన్న గది వైపు తిరిగాయి. లోపల గోనెలు. గోడలు. ఇంకేం లేదు.

"కావలివాడు గదా..." అంది ఆదిశేషమ్మ, తనలో తను అనుకున్నట్టు. "ఇంకెవురూ అట్టా పోకుండా కావలి కాస్తా ఉండాడు."

కృపాదానం గోడ పట్టుకుని లేచాడు. లోపలికెళ్ళి, తన సుత్తి వెతికి పట్టుకున్నాడు. తలుపు బందుల మేకులు ఒకటొకటే పైకి కొట్టాడు. రమణయ్య వచ్చి భుజం పెట్టాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఆఖరికి పద్మనాభయ్య గారు కూడా కండువా నడుముకి బిగించి ఒక మూల పట్టుకున్నారు. అంత బరువు తలుపునీ ఊడదీసి, వసారా దాటించి, గట్టు మీద వెల్లకిలా పడేశారు.

ఆ కాగితంలో కృపాదానం దూలం గురించి రాశాడట, మెట్ల గురించి, కిరసనాయిలు గురించి రాశాడట. తలుపు గురించి రాయడానికి అక్కడ తలుపే లేదు.

జనం ఎక్కడివాళ్ళక్కడ నిలబడి ఉన్నారు. ఆదిశేషమ్మ లాంతరు అందుకుని, ఖాళీ గుమ్మం ముందు కాస్సేపు ఆగింది.

"తలుపు తీసేసినారు లేయ్యా," అంది. "మనిషి బతికినాడు. ఇంక చాలు. రా, ఇంటికి పోదాం."

మెట్లు దిగి గట్టు వెంబడి నడిచింది. చాలాసేపు కూచుని కాళ్ళు తిమ్మిరెక్కిన మనిషిని నడిపించుకుపోతున్నట్టు, ఆగి ఆగి నడిచింది. లాంతరు తన ముందు పట్టుకోలేదు. పక్కకి జరిపి, ఆ పక్కన దారి కనపడేట్టు పట్టుకుంది.